మిరూనా గీసిన ఆదివారం

క్రయోవా ఊళ్ళో రైలు వంతెనకు ఇవతల, బూడిదరంగు అపార్ట్‌మెంట్ల వరసలో ప్రొఫిరా అంటే తెలియనివాళ్ళు తక్కువ. కోటు కాలరు అరిగిపోతే విప్పేసి, లోపలి వైపు పైకి తిప్పి, కొత్తదానిలా కుట్టి ఇచ్చేది. ఆ రోజుల్లో కొత్త కోటు కొనుక్కోవాలంటే ముందు దుకాణంలో కోటు ఉండాలి కదా. పగలంతా బట్టల ఫ్యాక్టరీలో మిషను తొక్కి, సాయంత్రం ఇంటికొచ్చి మళ్ళీ మిషను ముందే కూర్చునేది. మొగుడు పక్క జిల్లాలో వేరే సంసారం పెట్టుకున్నాడు. ఆ సంగతి ఆమెకు అతను చెప్పలేదు, అతని చొక్కా చెప్పింది. ఊడిపోయిన బొత్తాన్ని ఎవరో కుట్టి పెట్టారు. ఆ కుట్టు తనది కాదు. అడిగితే అతను కాదనలేదు, పెట్టె సర్దుకుని వెళ్ళిపోయాడు.

అప్పటినుంచి ఆ రెండు గదుల ఇంట్లో తల్లీ, కూతురు మిరూనా. ఆదివారాలు మాత్రం ప్రొఫిరా తమ్ముడు త్రాయన్ వచ్చేవాడు. ట్రాక్టర్ల డిపోలో మెకానిక్కు. పొడుగ్గా, గాలిపటం కర్రలా ఉండేవాడు. వచ్చాడంటే ఇల్లంతా అతని నవ్వే.

మిరూనాకు ఊహ తెలిసినప్పటినుంచీ బొమ్మల పిచ్చి. కాగితం దొరక్కపోతే మెట్ల పక్క గోడల మీద బొగ్గుతో గీసేది. ఒకరోజు బిల్డింగు పెద్దాయన వచ్చి తలుపు కొట్టి, "మీ పిల్ల గోడకి గుర్రాన్ని ఎక్కించింది, దింపించండి" అని కేకలేసి వెళ్ళాడు. ప్రొఫిరా తడిగుడ్డ పట్టుకుని కిందికి దిగేసరికి, ఆ గుర్రం ముందు ఒక ముసలాయన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు. పక్క వాకిలిలో ఉండే కసియాన్ మాస్టారు. ఒకప్పుడు హైస్కూల్లో డ్రాయింగు చెప్పేవాడు. మధ్యలో ఎందుకో ఉద్యోగం తీసేశారని జనం గుసగుసలాడేవారు, ఎందుకో ఎవరికీ సరిగ్గా తెలియదు.

"ఇది గీసింది నువ్వేనా?" అన్నాడు మిరూనాతో.

"నేనే."

"మరి నాలుగో కాలేదీ?"

"బండికి అవతల ఉంది. నాకు కనపడలేదు."

మాస్టారు ప్రొఫిరా వైపు తిరిగాడు. "విన్నావా తల్లీ? ఈ వయసు పిల్లలందరూ నాలుగు కాళ్ళూ గీసేస్తారు, గుర్రానికి నాలుగుంటాయని తెలుసు కాబట్టి. నీ కూతురు తెలిసింది గీయలేదు, చూసింది గీసింది. వారానికోసారి నాకు అప్పగించు. లలితకళల పాఠశాల పరీక్షకి నేను తయారుచేస్తా."

"మాస్టారూ, మేం ఏమిచ్చుకోగలం?"

"నా కోటు చూడు ఎలా ఉందో. కాలరు తిప్పి పెట్టు, చాలు."

అలా మొదలయ్యాయి పాఠాలు. శనివారం సాయంత్రం వంటింటి బల్ల మీద. ఆపిల్ పండు, వెల్లుల్లి గడ్డ, సొట్టపడ్డ గరిటె, ఏది దొరికితే అది పెట్టి గీయమనేవాడు. ప్రొఫిరా కిటికీ దగ్గర కుడుతూ చెవి అటే వేసేది. నీడ నల్లగా ఉండదట, ఎరుపు పక్కనుంటే కాస్త ఎర్రగా ఉంటుందట. తెల్ల పళ్ళెంలో తెలుపు ఎక్కడో ఒక్కచోటే ఉంటుందట. ఆ ఇంట్లో అంతకుముందు అలాంటి మాటలు ఎవరూ మాట్లాడలేదు. రొట్టె క్యూ, గ్యాసు మంట, వేణ్ణీళ్ళు ఎప్పుడొస్తాయి, ఇవే మాటలు. ఒక్కోసారి సూది ఆపి, ఎదురింటి గోడ మీద పడే సాయంత్రపు వెలుగుని తనూ చూస్తూ కూర్చునేది.

మాస్టారు తిట్టేవాడు కాదు. పిల్ల గీసిన గీత తప్పితే చెరిపేవాడూ కాదు. పక్కనే తన పెన్సిలుతో సన్నటి గీత ఒకటి గీసేవాడు, చివర చిన్న కొక్కెంలా వంపు తిరిగి ఉండేది. "నీ గీత నీది, నా గీత నాది. రెండూ చూడు, ఏది నిజమో నువ్వే చెప్పు" అనేవాడు.

రెండో ఏడు పాఠాలు మనుషుల దగ్గరికొచ్చాయి. "వారానికో కాగితం మీ ఇల్లు గీయి. ఎవరు ఎక్కడ కూర్చున్నారు, చేతిలో ఏముంది, పక్కన ఏముంది. లేనిది పెట్టకు, ఉన్నది వదలకు. మనిషి మొహంలో కంటే చేతుల్లో ఎక్కువ దొరుకుతాడు" అన్నాడు. గీసిన కాగితాలన్నీ తనే తీసుకెళ్ళేవాడు. పరీక్షకి చూపించాలి, అట్టలో భద్రంగా పెడతానన్నాడు. ప్రొఫిరా సంతోషపడింది. ఇంట్లో ఉంటే పొయ్యి వెలిగించడానికే పోతాయి.

ఆదివారం త్రాయన్ వస్తే మిరూనాకి పండగే. "కదలకు మామయ్యా!"

"కదలక చచ్చిపోమంటావా? ఏమే మేనకోడలా, నా ముక్కు కొంచెం తగ్గించు. పెళ్ళికాని వాణ్ణి, ఎవరైనా చూస్తారు."

"ఉన్నది వదలకూడదు. మాస్టారు చెప్పారు."

"మీ మాస్టారుకేం, ఆయన ముక్కు ఆయనకి బాగానే ఉంది."

ఆ శీతాకాలంలో ఒక ఆదివారం త్రాయన్ వంటింట్లో కుళాయి ధారగా తిప్పి, ఆ చప్పుడులో అక్క చెవి దగ్గర చెప్పాడు. వసంతంలో డాన్యూబ్ నది దాటతానన్నాడు. అవతలి ఒడ్డు యుగోస్లావియా, అక్కణ్ణుంచి ఎక్కడికైనా పోవచ్చు.

"నీకు మతిపోయిందా? నీళ్ళలో కాల్చేస్తారురా!"

"ఇక్కడ కాల్చకుండానే చచ్చిపోతున్నా అక్కా. ట్రాక్టరు ట్యూబు ఒకటుంది, దాని మీద పడుకుని చీకట్లో పోవచ్చు. నీకు చెప్పకుండా పోలేను, అందుకే చెప్పాను."

ప్రొఫిరా ఏడ్చింది, తిట్టింది, చివరికి ఊరుకుంది. తర్వాతి ఆదివారాలు త్రాయన్ ఆ ట్యూబుని సంచీలో తెచ్చి, వాళ్ళ స్నానాలగదిలో గాలి కొట్టి, నీళ్ళలో ముంచి ఎక్కడ బుడగలొస్తున్నాయో చూసి మాసికలు వేసుకునేవాడు. చన్నీళ్ళ తొట్టిలో తల ముంచి ఊపిరి బిగబట్టడం సాధన చేసేవాడు. మిరూనా అది ఆటనుకుంది. తొట్టి అంచున కూర్చుని, "ఇంకా! ఇంకా!" అని చప్పట్లు కొట్టేది.

ఆ వారం కాగితం మీద ఆమె అదే గీసింది. ప్రొఫిరా ఆ బొమ్మ చూసింది కూడా. తొట్టి, అందులోంచి పైకి లేచిన మోకాళ్ళు, నల్లటి పెద్ద ట్యూబు, దాన్ని పట్టుకున్న పొడుగు వేళ్ళు. ముక్కు చూసి ఫక్కున నవ్వింది. ఎంత బాగా గీసింది నా తల్లి అనుకుంది, అంతకుమించి ఏమీ తట్టలేదు. తర్వాత జీవితమంతా ఆ నవ్వు ఆమెను వదల్లేదు.

మంచు కరిగాక త్రాయన్ రైలెక్కాడు. నది ఇంకా దూరంగా ఉండగానే, ఒక చిన్న స్టేషన్లో ఇద్దరు మనుషులు పెట్టెలోకి ఎక్కి, నేరుగా అతని సీటు దగ్గరికే వచ్చి దింపేశారు. పైన ఉన్న సంచీలో ఏముందో విప్పకుండానే చెప్పారు.

నాలుగు రోజులు పోయాక ప్రొఫిరాకి పిలుపొచ్చింది. ఎక్కడినుంచో, ఎవరు పిలిచారో ఆ ఊళ్ళో పేరు పెట్టి అనరు. పొడుగాటి నడవాలో చాలాసేపు నిలబెట్టి లోపలికి పంపారు. బల్ల వెనక కూర్చున్న ఆఫీసరు కుర్రవాడే, మర్యాదస్తుడే.

"కూర్చో అమ్మా. తమ్ముడు పారిపోతున్న సంగతి నీకు తెలియదంటావు."

"తెలియదు బాబూ."

"వాడు మీ ఇంటికి వచ్చేవాడు కాదంటావు."

"వస్తాడు. తమ్ముడు, రాడా? వచ్చి కూరలో ఉల్లికాడలు ఏరుకు తిని పోతాడు."

ఆఫీసరు సొరుగు లాగి ఒక కాగితం బల్ల మీద పెట్టాడు, ఆమె వైపు తిప్పాడు. "మీ అమ్మాయి చెయ్యి బాగా తిరిగింది. మా వాడికి కాకి గీయమంటే కోడి గీస్తాడు."

తొట్టి. మోకాళ్ళు. ట్యూబు. కింద మూల మిరూనా అక్షరాలు, "మా ఇంట్లో ఆదివారం." మోచేయి దగ్గర పిల్ల గీత పక్కనే ఇంకో సన్నటి గీత, చివర చిన్న కొక్కెంతో.

ప్రొఫిరా ఆ కొక్కెం వంకే చూసింది. ఎవరి కుట్టు ఎవరిదో చూడగానే పోల్చుకునే మనిషి, దీన్ని పోల్చుకోకుండా ఉంటుందా? దాన్ని దిద్దాడు. పిల్ల మోచేయి వంపు తప్పు గీసిందని కూర్చుని దిద్దాడు, దిద్దాక తీసుకెళ్ళి వీళ్ళకిచ్చాడు.

"పిల్లని పిలిచి అడగమంటావా?" అన్నాడు ఆఫీసరు మెల్లిగా.

"వద్దు బాబూ." ఆమె వాళ్ళు అడిగినవన్నీ ఒప్పుకుంది. ఫ్యాక్టరీలో మిషను మీదనుంచి తీసి గోదాములో మూటలు మోసే పనిలో వేశారు. త్రాయన్‌ని జైల్లో పెట్టారు.

శనివారం సాయంత్రం మాస్టారు ఎప్పటిలాగే పెన్సిళ్ళ డబ్బా చంకన పెట్టుకుని మెట్లెక్కాడు. తిప్పి కుట్టిన కాలరు, దువ్విన తల. ప్రొఫిరా తలుపు దగ్గరికి లాగి, బయటికొచ్చి నిలబడింది.

"ఇక రావద్దు మాస్టారూ."

ఆయన మొహంలో రంగు మారింది. ఎందుకని మాత్రం అడగలేదు. ఆ అడగకపోవడంతో ఆమెకు మిగిలిన కాస్త అనుమానమూ తీరిపోయింది.

"పాపకి పరీక్ష దగ్గరికొచ్చింది," అన్నాడు చివరికి.

"నా తమ్ముణ్ణి నా కూతురి చేత్తో పట్టించారు. ఆ చేతికి ఇంకేం నేర్పుతారు?"

"గట్టిగా మాట్లాడకు తల్లీ. నీకే ముప్పు."

"అదీ మీరే చెప్తారన్నమాట వాళ్ళకి."

ఆయన ఒక్కో మెట్టే దిగి వెళ్ళాడు. పక్కింటివాళ్ళ తలుపు సందులోంచి ఎవరో చూస్తున్నారని తెలిసీ ఆమె కేకలు పెట్టలేకపోయింది. అలాంటివాణ్ణి అలాంటివాడని అరిచేందుకు కూడా వీల్లేని రోజులు అవి.

లోపల మిరూనా బల్ల మీద ఆపిల్ పెట్టుకుని, పెన్సిళ్ళు చెక్కుకుని కూర్చుంది. "మాస్టారేరీ?"

"ఒంట్లో బాగాలేదట."

మర్నాడు రొట్టె క్యూలో ఆయన కనపడ్డాడు, శుభ్రంగా ఉన్నాడు. పిల్ల పరుగెత్తుకుంటూ పోయి కోటు పట్టుకుంది. ఆయన మొహం తిప్పుకున్నాడు. మిరూనా ఇంటికొచ్చి తల్లి మీద విరుచుకుపడింది.

"నువ్వు అబద్ధం చెప్పావు! నువ్వే రావద్దన్నావు కదూ?"

ప్రొఫిరాకి నిజం నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే? తొమ్మిదేళ్ళ పిల్ల. మామయ్యని తనే పట్టించానని మనసులో పెట్టుకుని బతుకుతుందా? 

"అవును, నేనే. గీతలు గీసి ఎవరు బాగుపడ్డారు? కుట్టు నేర్చుకో, అన్నం పెడుతుంది."

పిల్ల తల్లి వంక చూసిన చూపు ఎలాంటిదంటే, మొగుడు పెట్టె సర్దుకున్న రోజు ప్రొఫిరా అద్దంలో తన మొహం మీద చూసుకున్న చూపు అదే. ఆ ఏడు పరీక్ష లేదు, పాఠశాలా లేదు. మిరూనా తల్లి ముందు మళ్ళీ పెన్సిలు పట్టలేదు.

త్రాయన్ క్షమాభిక్షలో బయటికొచ్చాడు. దగ్గుతో వచ్చాడు. ఆ దగ్గు ఇక పోలేదు. వస్తూనే, తనకి ట్యూబు ఇచ్చిన డిపో స్నేహితుడే చెప్పాడనుకుని వాడి మొహాన ఉమ్మేశాడు. అది విని ప్రొఫిరా ఉండలేకపోయింది. వాకింగుకని పార్కులోకి తీసుకెళ్ళి జరిగింది చెప్పింది.

త్రాయన్ బెంచీ మీద కూర్చున్నాడు. తర్వాత, "ముక్కు?" అన్నాడు.

"ఏం ముక్కు?"

"తగ్గించిందా, లేదా?"

"లేదురా. ఉన్నదున్నట్టే గీసింది."

నవ్వబోయాడు, దగ్గొచ్చింది. "దానికి మాత్రం చెప్పకు అక్కా. నేను బతికున్నంత కాలం చెప్పకు. నన్ను ద్వేషించినా ఫరవాలేదు, నిన్ను ద్వేషించినా ఫరవాలేదు. తన్ను తాను ద్వేషించుకోకూడదు." ఆ సాయంత్రమే డిపో స్నేహితుడి ఇంటికెళ్ళి, తలుపు బయటినుంచే క్షమించమని బతిమాలాడు. వాడు తలుపు తీయలేదు.

ఇంతలో ఏలినవాళ్ళు కూలిపోయారు. దుకాణాల్లో నారింజపళ్ళొచ్చాయి, టీవీలో అందరూ అరుచుకోవడం మొదలైంది. మిరూనా ఎవరినీ అడక్కుండా సాయంత్రపు తరగతుల్లో చేరి, బొమ్మలు మళ్ళీ పట్టుకుంది. పట్టుదల మనిషి, డ్రాయింగు టీచరు అయింది. తల్లితో మాటలు ఉండేవి, కానీ అవి అద్దెకున్న వాళ్ళ మాటల్లా ఉండేవి. ఉప్పుందా, కరెంటు బిల్లొచ్చిందా అని.

ఆమె కసియాన్ మాస్టారి దగ్గరికి మళ్ళీ వెళ్తోందని ప్రొఫిరాకి తెలియదు. ఆయన చూపు మందగించింది. మిరూనా మందులు తెచ్చిపెట్టేది, పువ్వులు తీసుకెళ్ళేది, తను గీసినవి ఆయన కళ్ళకి దగ్గరగా పట్టుకుని చూపించేది. ఆయన వద్దనలేదు.

ఒక ఏడు ఈస్టరు రోజున గొర్రెపిల్ల మాంసం పొయ్యి మీదుంది, అక్రోటు రొట్టె కోసిపెట్టి ఉంది, బల్ల మధ్య ఎర్రటి గుడ్లు. త్రాయన్ అప్పటికే త్సుయికా సారా గ్లాసు ముందు కూర్చున్నాడు. తలుపు తెరుచుకుంది. మిరూనా, ఆమె చేయి పట్టుకుని మాస్టారు.

"అమ్మా, ఈరోజు పండగ. ఎన్నేళ్ళ పంతం ఇది? నాకు బొమ్మలు నేర్పిన మనిషి. నువ్వు గుమ్మంలోంచి గెంటేసిన మనిషి. ఈరోజైనా మన బల్ల దగ్గర కూర్చోనీ."

ప్రొఫిరా చేతిలో పళ్ళెం ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. త్రాయన్ లేవలేదు. ఎర్రగుడ్డు ఒకటి తీసి ముసలాయన వైపు చాపాడు, పండగనాడు గుడ్డుకి గుడ్డు కొట్టుకునే వాళ్ళలాగే.

"రండి మాస్టారూ. క్రీస్తు లేచాడు."

ముసలాయన ఆ గొంతు విన్నాడు. మసక కళ్ళకి మనిషి ఆనకపోయినా ఎవరో తెలిసింది. అక్కడే తలుపు పట్టుకుని నిలబడిపోయాడు. "త్రాయన్ ఉన్నాడని చెప్పలేదేం పాపా?" అన్నాడు.

"ఉంటే ఏమైంది?" మిరూనా అందరి మొహాలూ చూసింది. "ఏమైందమ్మా? ఎవరూ మాట్లాడరేం?"

"మీరే చెప్పండి మాస్టారూ," అంది ప్రొఫిరా. "నేను చెప్పనని తమ్ముడికి మాటిచ్చాను."

త్రాయన్, "అక్కా, వద్దు" అన్నాడు. ఆలస్యమైపోయింది. మిరూనా ముసలాయన చేయి వదిలేసింది.

ఆయన తలొంచుకునే చెప్పాడు, తరగతిలో పాఠం చెప్పినట్టే, మెల్లిగా. ఉద్యోగం పోయాక వాళ్ళు పిలిచారనీ, మళ్ళీ బడిలో పెడతామన్నారనీ. పిల్లల ఇళ్ళలో ఏం జరుగుతోందో కాస్త చెప్పమన్నారనీ. "నేను మాటలు రాయలేదు పాపా. నాకు చేతకాదు. బొమ్మలిచ్చాను. ఆ తొట్టి బొమ్మ..."

"నా బొమ్మ," అంది మిరూనా.

"చాలా మంచి బొమ్మ అది. పాఠం మాత్రం నేనెప్పుడూ అబద్ధం చెప్పలేదు. నీకు నేర్పింది నిజమే."

"అందుకేనా ఉన్నది వదలొద్దన్నారు?"

ఆయన తలుపు తడుముకుంటూ వెనక్కి తిరిగాడు. ఆయన్ని కిందికి దింపింది త్రాయనే. దగ్గుతూ, ముసలాయన భుజం పట్టుకుని, ఒక్కో మెట్టూ చూపిస్తూ తీసుకెళ్ళాడు. ఏం మాట్లాడుకున్నారో, అసలు మాట్లాడుకున్నారో లేదో ఎవరికీ చెప్పలేదు.

మిరూనా కోటు వేసుకుంది. తల్లి వైపు తిరిగినప్పుడు ఆమె కళ్ళల్లో తడి లేదు.

"నేను ఆయన గోళ్ళు కత్తిరించానమ్మా. పువ్వులు పట్టుకెళ్ళాను. నువ్వు తెలిసి ఊరుకున్నావు."

"వెళ్తున్నావని నాకు తెలియదే తల్లీ."

"నిన్ను ఎన్నేళ్ళు అసహ్యించుకున్నాను? అదైనా తెలుసా? అది కూడా నాచేత ఊరికే చేయించావు. ఆయన నా చెయ్యి వాడుకున్నాడు. నువ్వు నన్నే వాడుకున్నావు, నీ త్యాగానికి."

ఆ మాట తగిలినట్టు ప్రొఫిరాకి మొగుడు పోవడం కూడా తగల్లేదు. కూతురి కోసం మోసిందంతా కూతురికే ద్రోహమైపోయిందా అని ఆ పూటంతా అలాగే కూర్చుంది. మాంసం అడుగంటింది.

వేసవిలో మాస్టారు పోయాడు. ప్రొఫిరా వెళ్ళలేదు. మిరూనా వెళ్ళిందట, శ్మశానం గేటు బయట నిలబడి, శవపెట్టె దాటిపోయాక తిరిగి వెళ్ళిపోయిందట. ఈ సంగతి చెప్పింది త్రాయన్. మేనకోడలు అతని దగ్గరికి మాత్రం వస్తోంది. మొదటిసారి వచ్చినప్పుడు గుమ్మంలోనే నిలబడి ఏడ్చిందనీ, "నీ మీద కోపం తెచ్చుకోవడానికి నా దగ్గర అంత ఊపిరి లేదే" అని తను నవ్వించాననీ చెప్పాడు.

ఆకులు రాలే వేళకి ఒక ఆదివారం మిరూనా తల్లి ఇంటికొచ్చింది. ఉల్లికాడల సంచీ తెచ్చింది. ఇద్దరూ బల్లకి చెరో పక్కన కూర్చుని కాడలు తరుగుతున్నారు.

"ఇంకేమైనా దాచావా?"

ప్రొఫిరా ఆలోచించింది. "మీ నాన్న రెండుసార్లు నీకోసం వచ్చాడు. నేనే రానివ్వలేదు."

మిరూనా చేతిలో కత్తి ఆగింది. తర్వాత ఇంకో కాడ తీసుకుంది.

"సరే. ఎప్పుడొచ్చాడో, ఏమన్నాడో, మొదటినుంచి చెప్పు."

ప్రొఫిరా చెప్పడం మొదలుపెట్టింది.